పెరుగుదలకి రెండంగుళాలు

జూన్ 9

అన్నయ్యకి,

నీ కార్డు అందింది. నేనిక్కడికి వచ్చిన నాలుగు నెలల్లో అది మూడోది. మూడింటిలోనూ "ఇద్దరం కులాసా, నువ్వు బెంగపెట్టుకోకు" అన్న ముక్క తప్ప మరోటి లేదు. పిల్ల గురించి ఇంకో రెండు మాటలు రాస్తే నీ కలం అరిగిపోతుందా?

బడి తెరిచే రోజులు దగ్గరికొచ్చాయి. ఉడతకి యూనిఫారం నేనే కుట్టి పంపుతాను. పదిహేనేళ్ళు ఊళ్ళోవాళ్ళ పిల్లలందరికీ కుట్టినదాన్ని, నా కూతురు బజారులో కొన్న గౌను వేసుకుని బడికి వెళ్తే నాకు నామోషీ. పని అయ్యాక ఓ గంట మిషను వాడుకోమని కటింగ్ మాస్టారు ఒప్పుకున్నాడు. గుడ్డ కొన్నాను. కొలతలే లేవు. ఫిబ్రవరిలో బయల్దేరేముందు తీసినవి ఉన్నాయి గానీ, పదకొండేళ్ళు నిండిన పిల్లకి నాలుగు నెలల కిందటి కొలతలు పనికిరావు.

నీ దగ్గర టేపు లేదని తెలుసు. పొద్దున లేస్తే చెక్కలు కొలిచేవాడివి, పిల్లని కొలవలేవా? ఛాతీ చుట్టూ, నడుము చుట్టూ, భుజం నుంచి మోకాలి దాకా, చెయ్యి. ఈ నాలుగూ చాలు. పురికొస చుట్టి, దాన్ని నీ ఇనప స్కేలు మీద పెట్టు. దానికి చక్కిలిగిలి ఎక్కువ. నవ్వుతుండగా కొలవకు, కొలత తప్పుతుంది.

ఈ కోట్ల ఫ్యాక్టరీలో నా పని కాలర్లు. రోజుకి నూట యాభై కుడతాను. చేతులు కుట్టేవాళ్ళు వేరు, జేబులు కుట్టేవాళ్ళు వేరు. ఇన్నాళ్ళలో ఒక్క కోటు మొదటినుంచి చివరిదాకా నేను కుట్టలేదు. గదిలో నాతోపాటు ఇద్దరున్నారు, జేబులామె, ఖాజాలామె. ముగ్గురం కలిసినా కోటు కాదు, వీపు తక్కువవుతుంది.

వచ్చే ఏప్రిల్లో బడి అయిపోగానే దాన్ని ఇక్కడికి తెచ్చేసుకుంటానన్న మాట మీదే ఉన్నాను. వాళ్ళ నాన్న పోయాక నాకున్నది అదొక్కతే. అందాకా నీదే భారం. వారానికోసారైనా జడ విప్పి చిక్కు తియ్యి. ఒప్పుకోదు. అయినా తియ్యి.

చెల్లి

జూన్ 17

చెల్లాయికి,

కొలతలు తీశాను. ఛాతీ 28, నడుము 26, భుజం నుంచి మోకాలికి 34½, చెయ్యి 10. పని తెలిసినవాణ్ణి, వీటి గురించి నువ్వు కంగారుపడక్కర్లేదు.

పిల్ల నవ్వలేదు. కొయ్యలా నిలబడింది. పురికొస నన్ను చుట్టనివ్వలేదు. తనే చుట్టుకుని, కలిసినచోట గోటితో నొక్కి పట్టుకుని ఇచ్చింది. నేను స్కేలు మీద పెట్టి చూశాను.

బడికి ముప్పై బెంచీలు చేసివ్వాలి. సెలవులని ఉడత రోజూ పనిచోటికే వస్తోంది. మేకులు ఏరుతుంది, గరుకు కాగితం రుద్దుతుంది. నిన్న ఒక పలకకి చిత్రిక పట్టింది. వంకరగా పట్టింది. ఆ మాట అంటే, "చెక్కే వంకర మావయ్యా," అంది. నీ కూతురే.

రెండు మాటలు రాయమన్నావు. లెక్కపెట్టుకో, ఎక్కువే ఉంటాయి.

అన్నయ్య

జులై 2

అన్నయ్యకి,

నీ ఉత్తరం చూసి టేపు తీసి గోడకి పెట్టుకున్నాను. ఫిబ్రవరిలో భుజం నుంచి మోకాలికి 31. ఇప్పుడు 34½. నాలుగు నెలల్లో మూడున్నర అంగుళాలు. ఛాతీ 25 నుంచి 28. జేబులామె నమ్మలేదు, "మీ అన్నయ్య పిల్లని కొలిచాడా, స్తంభాన్ని కొలిచాడా?" అంది. దానికి ముగ్గురు పిల్లలు, ముగ్గురూ పీలగా ఉంటారు, ఆ ఏడుపు దానిది. నాకు మాత్రం కడుపు నిండింది. నీ చేతి వంట మీద నాకు లోపల అనుమానం ఉండేది. ఇప్పుడు లేదు.

రెండు గౌన్లు కుట్టి నిన్న పార్సెలు వేశాను. పెరిగే పిల్ల కదా, చుట్టూ రెండంగుళాలు వదిలాను. కింద మడతలో ఇంకో మూడు దాచాను. వచ్చే ఏడాది కూడా విప్పుకుని వేసుకోవచ్చు. కాలరు చూడమను. రోజుకి నూట యాభై కుట్టే చెయ్యి, అయినా ఆ రెండు కాలర్లకీ ఒక సాయంత్రం పట్టింది.

పురికొస చుట్టనివ్వలేదని రాశావు. పొగరు. నీ దగ్గర చనువెక్కువై కళ్ళు నెత్తికెక్కుతున్నట్టున్నాయి. నేను దగ్గరుంటే ఒక్కటి పడేది.

గౌను వేసుకున్నాక ఎలా ఉందో రాయి. కులాసా అని రాయకు.

చెల్లి

జులై 19

చెల్లాయికి,

పార్సెలు వచ్చింది. కుట్టు బాగుంది. కాలరు ఇంకా బాగుంది. గౌను వదులు. కాస్త వదులు కాదు. రెండోది పంపనక్కర్లేకపోయింది, ఒక్కదాన్లోనే ఇంకో పిల్ల పడుతుంది.

మొదటిరోజు అదే వేసుకుని వెళ్ళింది. తరగతిలో గుడారం అన్నారట. వచ్చి పుస్తకాల సంచి మూల పడేసి ఇంటి వెనక్కి వెళ్ళి కూర్చుంది. అమ్మకి రాయనా అంటే వద్దంది. మర్నాడు నా బెల్టు అడిగి నడుముకి బిగించుకుని వెళ్ళింది.

పొడవు మడిచి కుట్టావు గనక ఫర్వాలేదు. చుట్టుకొలతలే కుదరలేదు. మళ్ళీ తీశాను. ఛాతీ 26½, నడుము 24. ఈసారి ఇవి చూసుకుని కుట్టు.

పిల్ల సంగతులు అడిగావు. ఉడత అని పిలిస్తే పలకడం లేదు. మరేమని పిలవాలో చెప్పదు. అందుకని "ఇదిగో" అంటున్నాను, దానికి పలుకుతోంది. కంచం పట్టుకెళ్ళి విడిగా తింటోంది. సగం వదిలేసిన రోజులూ ఉన్నాయి. అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి అదీ లేదు. ఈ వయసు పిల్లలు అంతేనేమో, నాకేం తెలుసు.

వానలకి చెక్క తేమ పట్టింది. బెంచీల పని వెనకబడింది.

అన్నయ్య

జులై 28

అన్నయ్యా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నెల కిందట ఛాతీ 28, ఇప్పుడు 26½. నడుము 26 ఉన్నది 24కి వచ్చింది. పిల్ల ఒంట్లోంచి రెండంగుళాలు పోతే, చెక్కకి తేమ పట్టిందని రాసినట్టే ఆ సంగతీ రాశావు.

పదిహేనేళ్ళు మనుషుల్ని కొలిచాను. పెరిగే పిల్లల కొలత వెనక్కి రావడం రెండేసార్లు చూశాను. ఇద్దరూ మంచానపడి లేచినవాళ్ళు. దానికి జ్వరం వచ్చిందా? నాకు తెలియకుండా దాస్తున్నారా? కంచంలో వదిలేస్తోందని నువ్వే రాశావు. ఒక్కరోజైనా పక్కన కూర్చుని తినిపించావా? నీకు పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. చెక్కలకి అన్నం పెట్టక్కర్లేదు. పిల్లకి పెట్టాలి అన్నయ్యా.

ఏప్రిల్ దాకా ఆగను. సెలవు అడిగాను. ఇస్తే సరే, ఇవ్వకపోతే ఈ కాలర్లు ఇంకెవరైనా కుట్టుకుంటారు. వచ్చి దాన్ని తెచ్చేసుకుంటాను. ఇక్కడ బడి ఉంది, వెళ్ళి అడిగి వచ్చాను. గదిలో నాలుగో మంచం పట్టదు. నా మంచం మీదే ఇద్దరం పడుకుంటాం. మాకు అలవాటే.

చెల్లి

ఆగస్టు 6

చెల్లాయికి,

పిల్లకి జ్వరం రాలేదు. ఏ జబ్బూ లేదు. ముందు ఈ ముక్క బుర్రకెక్కించుకుని తర్వాత మిగతాది చదువు.

మా పనిలో పలక ముప్పై అంగుళాలు కావాలంటే ముప్పైరెండు దగ్గర గీత పెడతాం. రంపానికి కొంత పోతుంది, చిత్రికకి కొంత పోతుంది. ఎక్కువుంటే తీసెయ్యొచ్చు, తక్కువైతే అతకలేం. జూన్లో పిల్లని కొలిచినప్పుడు అన్నిటికీ రెండేసి అంగుళాలు కలిపి రాశాను. పెరిగే పిల్ల కదా అనుకున్నాను. కలిపానని నీకు చెప్పలేదు. మాలో ఒకరికొకరు చెప్పుకోం, అందరికీ తెలిసిందే గనక. దాని మీద నువ్వూ కలిపావు. గుడారం అయింది. రెండోసారి ఉన్నది ఉన్నట్టు రాశాను. జూన్లో దాని అసలు ఛాతీ 26. జులైలో 26½. తగ్గలేదు, పెరిగింది.

ఇక తిండి. పక్కన కూర్చోలేదన్నావు. కూర్చున్నాను. "నువ్వలా నోట్లోకి చూస్తుంటే నాకు ముద్ద దిగదు మావయ్యా," అంది. లేచి వచ్చాను. వదిలేసింది మూడు రోజులు. తర్వాత మామూలే. నిన్న నా వంతు గుడ్డు కూడా తిని, పిల్లి తిందని చెప్పింది. మనకి పిల్లి లేదు.

జులై మొదట్లో ఒకరోజు వచ్చి, "మావయ్యా, నాకో తలుపు కావాలి," అంది.

"గది లేకుండా తలుపు ఎక్కడ పెట్టనే?"

"ముందు తలుపు చెయ్యి. గది సంగతి తర్వాత చూద్దాం."

బెంచీలకి తెచ్చిన పలకలు కొన్ని తీసి సామాను గదిని సగానికి అడ్డం కట్టాను. తలుపు పెట్టాను. గొళ్ళెం లోపలివైపు కావాలంది. అక్కడే పెట్టాను.

ఇంకో సంగతి ఉంది. అది నేను రాయను. అమ్మకి తనే చెప్పుకుంటానని నా దగ్గర మాట తీసుకుంది. భయపడాల్సింది కాదు. ఎదురింటి నర్సమ్మ వచ్చి దాని దగ్గర కూర్చుని, చెప్పాల్సినవి చెప్పి, కావలసినవి చీటీ రాసి నన్ను కొట్టుకి తోలింది. కొట్టువాడు చీటీ చదివి, "ఎవరికి?" అన్నాడు. బెంచీలకి అన్నాను. అప్పుడు నోటికి అదే వచ్చింది.

చెక్కలకి అన్నం పెట్టక్కర్లేదన్నావు. నిజమే.

అన్నయ్య

ఆగస్టు 14

అన్నయ్యకి,

ఏ సంగతో అర్థమైంది. నువ్వు రాయలేదు, మాట తప్పలేదు.

బెంచీలకి అన్నావా. గదిలో చదివి వినిపిస్తే జేబులామె నవ్వీ నవ్వీ మంచం మీంచి జారింది. నేనూ నవ్వాను. తర్వాత కొళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కున్నాను. అంత సంగతి జరిగిన రోజున నేనేం చేస్తున్నానా అని వెనక్కి లెక్కచూసుకున్నాను. ఏముంది, కాలర్లు.

నీకు అలా రాయకుండా ఉండాల్సింది. పోస్టు డబ్బాలో వేసి నాలుగడుగులు వెయ్యగానే తెలిసింది. చెయ్యి పట్టే సందుంటే వెనక్కి తీసుకునేదాన్ని. నువ్వు రెండు, నేను రెండు, ఇద్దరం కలిసి పిల్లకి నాలుగంగుళాలు అంటగట్టి బడికి పంపాం. అందుకు కోపం రావాల్సింది పిల్లకి. నేను నీమీద ఎగిరాను. మనసులో పెట్టుకోకు.

నాలుగు రోజులు సెలవిచ్చారు. సెప్టెంబరు ఐదున దిగుతాను. జబ్బు లేదని తెలిసినా తెచ్చేసుకోవాలనే ఉంది. ఫిబ్రవరిలో నా చంకలో తల దూర్చి పడుకున్న పిల్ల, ఇవాళ గొళ్ళెం లోపలివైపు పెట్టించుకుందంటే మధ్యలో ఎంత జరిగిందో చూడు. ఏప్రిల్ దాకా ఆగితే ఇంకెంత మారిపోతుందో. అదంతా నేను చూడకుండా అయిపోతే మళ్ళీ వస్తుందా? నీ కార్డుల్లో చదువుకోవాలి. నాతో వస్తుందంటావా?

చెల్లి

ఆగస్టు 22

చెల్లాయికి,

వస్తుందో రాదో నేను చెప్పను, దాన్ని అడుగు. నేను అడగకూడదు. అడిగితే పంపేస్తున్నానని అనుకుంటుంది. వద్దంటే ఉంచేసుకుంటున్నానని నువ్వనుకుంటావు.

ఐదో తారీకున బెంచీలు అప్పగించాలి, స్టేషనుకి రాలేను. తనొక్కతే వచ్చి నిన్ను తీసుకొస్తానంది. పది నిమిషాల నడక.

మనసులో ఏం లేదు.

అన్నయ్య

సెప్టెంబరు 12

అన్నయ్యకి,

క్షేమంగా చేరాను. నేను ఒక్కదాన్నే సంచి పట్టుకుని బండెక్కుతుంటే కూడా నువ్వు ఏమైందని అడగలేదు. అక్కడ చెప్పలేకపోయాను. ఇక్కణ్ణుంచి రాస్తున్నాను.

దాన్ని నాతో రమ్మని నేను అడగలేదు.

స్టేషనులో నేను దాన్ని పోల్చుకోలేదు అన్నయ్యా. బండి దిగి అటూ ఇటూ చూస్తున్నాను. నా కళ్ళు కిందెక్కడో వెతుకుతున్నాయి, ఫిబ్రవరి నాటి ఎత్తులో. ఇంతలో ఎవరో అమ్మాయి వచ్చి నా చేతిలో సంచి పట్టుకుంది. దొంగపిల్ల అనుకున్నాను. గట్టిగా లాక్కుని "వదులు" అని అరిచాను. నలుగురు తిరిగి చూశారు. "అమ్మా, నేనే," అంది. జుట్టు మెడ దాకా కత్తిరించుకుందని నువ్వు రాయనే లేదు. దాని ఛాతీ ఎంతో నడుమెంతో నిద్రలో అడిగినా చెప్తాను. ఎదురుగా నిలబడితే ఎవరో తెలియలేదు.

దారిపొడుగునా సంచి తనే మోసింది. నాకు రెండడుగులు ముందే నడిచింది. కోపం వచ్చిందనుకున్నాను. రాదా మరి? నాలుగు రోజులూ నాకు దాని మొహంలోకి చూడాలంటే ఎలాగో ఉండేది.

ఆ సంగతి మూడో రోజున చెప్పింది. బట్టలు ఆరేస్తున్నాం. దుప్పటికి అటు అది, ఇటు నేను.

"నాకు అదయింది," అంది.

"ఎప్పుడు?"

"జులైలో."

"నొప్పి వచ్చిందా?"

"కొంచెం. ఆ క్లిప్పు ఇలా ఇవ్వు."

ఇచ్చాను. అంతే. నెల్లాళ్ళుగా కూడబెట్టుకెళ్ళిన మాటలన్నీ దుప్పటికి ఇవతలే ఉండిపోయాయి.

కన్నకూతుర్ని పోల్చుకోలేనిదాన్ని, నాతో రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను? నీ దగ్గర దానికో తలుపుంది. నా దగ్గర సగం మంచం ఉంది. ఏప్రిల్ దాకా అక్కడే ఉండనీ. అప్పుడు కూడా రానంటే ఏం చెయ్యాలో అప్పుడే చూద్దాం. స్టేషను సంగతి మాత్రం దాని దగ్గర ఎత్తకు.

చెల్లి

సెప్టెంబరు 21

చెల్లాయికి,

ఎత్తవద్దన్నావు. నేను ఎత్తలేదు. నీ ఉత్తరం రాకముందే అదే ఎత్తింది.

నర్సమ్మ బల్లకి రంగు వేస్తున్నాం. "మావయ్యా, ఒకటి చెప్తాను, అమ్మకి రాయకూడదు," అంది. మీ తల్లీకూతుళ్ళ రహస్యాలు మొయ్యడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి నేను, అన్నాను. అయినా చెప్పింది.

ఆ రోజు నువ్వు దిగిన పెట్టె ముందునుంచి అది రెండుసార్లు నడిచి వెళ్ళిందట. నిన్ను చూసింది. చూసి దాటిపోయింది. కళ్ళద్దాలు, చెంపల మీద నెరిసిన వెంట్రుకలు, చిక్కిపోయిన ఒళ్ళు, ఎవరో పెద్దావిడ తమవాళ్ళ కోసం చూస్తోందనుకుంది. మూడోసారి సంచి కనపడింది. ఆ సంచి నువ్వు కుట్టినప్పుడు అది పక్కన కూర్చుని చూసిందట. అందుకే ముందు సంచి పట్టుకుంది, మనిషిని కాదు.

"నేను పోల్చుకోలేదని అమ్మకి తెలిసిపోయింది మావయ్యా. అందుకే అరిచింది. అందుకే నాతో సరిగ్గా మాట్లాడలేదు. రమ్మంటుందని పుస్తకాలు కూడా సర్దుకున్నాను. అనలేదు."

కుంచె చేతిలో పట్టుకునే ఏడ్చింది. బల్ల మీద చారలు పడ్డాయి. ఎండాక రుద్దించి మళ్ళీ వేయించాను.

జుట్టు సంగతి నేను రాయలేదన్నావు. కళ్ళద్దాలు పెట్టుకున్నానని నువ్వు ఏ ఉత్తరంలో రాశావు? ఒంట్లో సగం మనిషివి లేవు. కొలతలు పిల్లకేనా, నీకు లేవా?

మొన్న నీ ఉత్తరం వచ్చింది. ఇవాళ నేను మాట తప్పాను. నువ్వు చెప్పవద్దన్నదీ, అది రాయవద్దన్నదీ, రెండూ ఒకే రోజు. నీ ఉత్తరం దాని చేతిలో పెట్టాను. తీసుకెళ్ళి తలుపు వేసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చింది.

"ఏప్రిల్ దాకా ఆగను. డిసెంబరు పరీక్షలు రాసి వెళ్ళిపోతాను," అంది.

"ఇక్కడేం తక్కువైంది?"

"ఏం తక్కువ కాలేదు. అమ్మ మారిపోతోంది మావయ్యా. ఏప్రిల్ దాకా ఆగితే ఇంకెంత మారుతుందో. నేను చూడకుండా అయిపోతే ఎలా?"

నువ్వు ఆగస్టులో రాసిన ఉత్తరం నేను దానికి చూపించలేదు. ఆ మాట అది సొంతంగా అన్నదే.

సగం మంచం చాలా అని అడిగాను. చాలకపోతే గోడ పక్కన నేల ఉంటుందిగా అంది. నువ్వు మాత్రం వేరే గది వెతుకు. చిన్నదైనా సరే, తలుపున్నది చూడు. ఇప్పుడది తలుపు లేకుండా ఉండలేదు. రోజూ కాదు గానీ, వేసుకోవాలనిపించినప్పుడు ఉండాలి.

నాకేం ఫర్వాలేదు. ఒక్కడికి వండడం మర్చిపోయాను, అంతే. మూడు నెలలుంది.

డిసెంబరు ఇరవైన బయల్దేరతాం. ఒక్కదాన్నే వెళ్తానంది. మొన్న స్టేషనుకి ఒక్కదాన్నే పంపాను గానీ ఈసారి వద్దన్నాను, నేనూ వస్తున్నాను. బండి దిగేచోట మీ ఇద్దరి మొహాలూ తెలిసినవాడు ఒకడు ఉండాలి.

అన్నయ్య